హళ్లికి హళ్లి, సున్నకు సున్న



చేతిలో దమ్మిడీ మిగలకపోతే "హళ్లికి హళ్లి, సున్నకు సున్న" అంటాం. పిల్లవాడు పరీక్ష తప్పినా అంటాం, వాన మొహం చాటేసి చేను ఎండినా అంటాం. సున్న అంటే ఏమిటో అందరికీ తెలుసు. మరి ఈ హళ్లి ఏమిటి? ఏదో జోడీ కోసం పెట్టిన వట్టి మాట అనుకుంటాం. కాదండీ. హళ్లి కూడా సున్నే. మన తెలుగువాళ్ల లెక్కల్లో ఒకటి కాదు, రెండు సున్నలు ఉండేవి. రెండో సున్న ఎందుకు కావలసివచ్చిందని వెతుక్కుంటూ పోతే, గణితశాస్త్ర చరిత్రలో చెప్పుకోదగ్గ పెద్ద ఊహలు రెండు మూడు మన వంటింటి కొలతల్లోనే కనిపిస్తాయి. లెక్కల చరిత్ర మనకెందుకులే అని రేడియో కట్టేయకండి. కుంచం, మానిక, సోల తెలిసిన వాళ్లెవరికైనా ఇది తెలిసిన కథే.

మొదట అంకెల సంగతి చెప్పుకుందాం. మా సత్తెనపల్లికి ఈశాన్యంగా, కృష్ణ ఒడ్డున అమరావతి ఉంది. ఒకప్పుడు ఈ సీమను ఏలిన శాతవాహనుల రాణి నాగనిక. మహారాష్ట్రలోని నాణేఘాట్ కనుమ దగ్గర ఒక గుహలో ఆమె వేయించిందని చెప్పే శాసనం ఉంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిదని అంచనా. యజ్ఞాలు చేసి ఎన్ని ఆవులు, ఎన్ని నాణేలు దానమిచ్చారో అందులో అంకెలతో సహా చెక్కించారు. మన దేశంలో దొరికిన పాత అంకెల్లో అవి చాలా ముఖ్యమైనవి. ఒక ఇల్లాలు చేసిన దానాల పద్దు మన అంకెల చరిత్రకి మొదటి పేజీల్లో ఒకటి అయిందంటే మనకి సంతోషమే కదా!

ఆ అంకెలు మన అంకెల్లాంటివి కావు. వెయ్యికి ఒక గుర్తు, వందకి ఒక గుర్తు, పదికి ఒకటి, ఇరవైకి వేరే ఒకటి. 1,700 రాయాలంటే వెయ్యి గుర్తు వేసి, పక్కన వంద గుర్తుకి ఏడు తగిలించి పెట్టారు. ఆ పద్ధతిలో సున్న లేదు, దాని అవసరమూ లేదు. దానాలు చెక్కించడానికి అది చాలు. కాని పెద్ద పెద్ద హెచ్చవేతలు, భాగహారాలు ఆ గుర్తులతో రాసి చేయడం గగనమే.

ఆ తర్వాత కొన్ని శతాబ్దాలకి మన దేశంలో ఒక గొప్ప ఊహ స్థిరపడింది. గుర్తులు తొమ్మిది చాలు, విలువని గుర్తు కాదు, అది కూచున్న చోటు చెబుతుంది అన్నదే ఆ ఊహ. క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన గ్రంథంలో ఒక్కొక్క స్థానం ముందుదానికి పదిరెట్లు అని చెప్పాడు. పెళ్లి పంక్తిలో పీటలు వేసినట్టు అనుకోండి. మొదటి పీట ఒకట్లది, రెండోది పదులది, మూడోది వందలది. రెండు వందల అయిదు రాయాలంటే పదుల పీట మీద కూచునేవాళ్లు లేరు. అలాగని ఆ పీట తీసేస్తే వందలవాడు పదుల్లోకి జరిగిపోతాడు, రెండు వందల అయిదు కాస్తా ఇరవై అయిదు అవుతుంది. కాబట్టి పీట ఉండాలి, ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ పీటే సున్న.

628లో బ్రహ్మగుప్తుడు ఇంకో అడుగు వేశాడు. ఖాళీ పీట కూడా ఒక సంఖ్యేనన్నాడు. దానికి కూడికలు, తీసివేతలు నియమించాడు. ఉన్నదాన్ని ధనమనీ, బాకీని ఋణమనీ పిలిచి, ధనమూ ఋణమూ సమానమైతే శూన్యమన్నాడు. అప్పు తీరి చేతిలో ఏమీ మిగలని సంసారి పరిస్థితి అన్నమాట. అయితే సున్నతో భాగించడం దగ్గర మాత్రం పెద్దవాళ్లకే చిక్కు వచ్చిపడింది. సుమారు 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో ఉన్న మహావీరాచార్యుడు, ఒక సంఖ్యని సున్నతో భాగిస్తే అది మారకుండా అలాగే ఉంటుందన్నాడు. 1150లో భాస్కరాచార్యుడు, అలా కాదు, అది అంతులేని రాశి అవుతుందన్నాడు. ఇప్పటి గణితం అసలు ఆ భాగహారమే చేయకూడదంటుంది. కుంచం బియ్యాన్ని తలా మానిక చొప్పున పంచితే నలుగురికి వస్తాయి. తలా ఏమీ ఇవ్వకుండా పంచితే ఎంతమందికి వస్తాయి? ఎంతమంది వచ్చినా కుంచం తరగదు, ఆ పంపకం ఎన్నటికీ తెమలదు. అలాంటి ప్రశ్నకి జవాబు లేదని ఒప్పుకోవడానికే శతాబ్దాలు పట్టింది.

ఈ అంకెలు ఇక్కడినుంచి బాగ్దాదు వెళ్లాయి. అక్కడ 9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ వాటిమీద పుస్తకం రాశాడు. 1202లో ఇటలీవాడైన ఫిబొనాచీ తన గ్రంథంతో యూరపు వర్తకులకి నేర్పాడు. అయినా 1299లో ఫ్లోరెన్సు నగరంలో డబ్బు మార్చే వర్తకుల సంఘం తమ పద్దుల్లో ఈ కొత్త అంకెలు వాడకూడదని కట్టడి చేసింది. సున్నని చిన్న గీతతో ఆరుగానో తొమ్మిదిగానో దిద్దేయవచ్చుననే భయం అందుకు కారణమని చెబుతారు. ఈ భయాన్ని కాస్త గుర్తుంచుకోండి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన "గణితసారసంగ్రహం" తెలుగులోకి వచ్చింది. తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆ పావులూరు ఎక్కడో లేదు, కమ్మనాటిలో, ఇంకొల్లు పక్కనే ఉంది. ఆ వంశంలో తాతదీ మనుమడిదీ ఒకటే పేరు. తాతకి రాజరాజనరేంద్రుడు పిఠాపురం దగ్గర నవఖండవాడ అనే ఊరు ఇచ్చాడంటారు. పుస్తకం రాసింది తాతా, మనుమడా అన్నదాని మీద పండితుల్లో రెండు పక్షాలున్నాయి. తాత అయితే నన్నయగారి కాలం వాడు, మనుమడైతే 12వ శతాబ్దపు తొలిరోజుల వాడు. ఎవరైనా సరే, తెలుగులో భారతం మొదలైన ఒకటి రెండు తరాల్లోపే లెక్కల పుస్తకం కూడా పద్యాల్లో పుట్టిందన్నమాట. మహావీరుడు జైనుడు, మల్లన శివభక్తుడు. అందుకని జినుడి స్తుతులున్న చోట శివుడి స్తుతులు పెట్టాడు. దేవుణ్ణి మార్చాడు గాని లెక్క మార్చలేదు. జనం దాన్ని "పావులూరి గణితం" అని ఊరి పేరుతో పిలుచుకున్నారు. శాస్త్రం సంస్కృతం చదివిన వాళ్లకే కాదు, తెలుగు తెలిసినవాళ్లకి కూడా అందాలని ఆనాడే ఒకాయన అనుకున్నాడంటే, అది చిన్న విషయం కాదు.

మూలగ్రంథమైన "గణితసారసంగ్రహం"లో ఆడవాళ్లకి నచ్చే సంగతులు చాలా ఉన్నాయి. కొన్ని హెచ్చవేతలకి మహావీరుడు కంఠాభరణాలని పేరు పెట్టాడు. 142857143ని 7తో హెచ్చించి చూడండి. 1000000001 వస్తుంది. రెండు చివరలా రెండు ఒకట్లు కొలికిపూసల్లా, నడుమ ఎనిమిది సున్నలు ముత్యాల్లా ఉంటాయి. 12345679ని 9తో హెచ్చిస్తే తొమ్మిది ఒకట్ల పేట వస్తుంది. 152207ని 73తో హెచ్చిస్తే ఎనిమిది ఒకట్లు. ఎటునించి చదివినా ఒకటే. మెడలో గొలుసు ఎటు తిప్పినా గొలుసే కదా!

అందులోనే ఒక తెగిన హారం లెక్క ఉంది. వసంతకాలపు రాత్రి, భార్యాభర్తల సరసంలో ముత్యాలహారం తెగింది. మూడోవంతు ముత్యాలు దాసి ఏరింది. ఆరోవంతు పడక మీద పడ్డాయి. మిగిలినదాంట్లో సగం, ఆ మిగిలినదాంట్లో మళ్లీ సగం, ఇలా ఆరుసార్లు అటూ ఇటూ చెదిరిపోయాయి. దారానికి 1,161 ముత్యాలు మిగిలాయి. మొదట ఎన్ని? మూడోవంతూ ఆరోవంతూ కలిస్తే సగం. కాబట్టి దాసికి, పడకకి పోను మిగిలింది సగం. దాన్ని ఆరుసార్లు సగం చేస్తే అరవైనాలుగోవంతు. అంటే మొత్తంలో నూట ఇరవైయెనిమిదోవంతు. 1,161ని 128తో హెచ్చిస్తే 1,48,608 ముత్యాలు. అంత హారం ఏ మెడ మోస్తుందో ఆచార్యులవారు ఆలోచించలేదు గాని, లెక్క మాత్రం పొల్లుపోదు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ లెక్కలో ఆడది ఉంది, కాని లెక్క చేసేది ఆమె కాదు. ఆమె హారం తెగుతుంది, పండితులు ముత్యాలు లెక్కపెడతారు. భాస్కరుడి "లీలావతి"లో కూడా అమ్మాయిని పిలిచి ప్రశ్న అడుగుతారు. ఆమె ఆయన కూతురనే కథ, 1587లో ఫైజీ పారశీకంలో అనువదించినప్పుడు ప్రచారంలోకి వచ్చింది. లీలావతి జవాబు ఏమి చెప్పిందో ఏ పుస్తకంలోనూ లేదు.

రెండో సంగతి, ఆ అరవైనాలుగోవంతు. సగం చేయడం, ఆ సగాన్ని మళ్లీ సగం చేయడం. ఈ పని పండితులు కాదు, మనం చేశాం. కిలోలు, లీటర్లు రాకముందు గింజల కొలతలు ఎలా ఉండేవో ఒకసారి తలుచుకోండి. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస, రెండు ఇరసలు తూము. ఇరవై తూములైతే పుట్టి. కొలపాత్ర పరిమాణం ఊరికీ ఊరికీ కాస్త తేడాగా ఉన్నా ఈ వరస మాత్రం ఇదే. కుంచంలో మానిక నాలుగోవంతు. సోల పదహారోవంతు. గిద్దె అరవైనాలుగోవంతు.

ఇప్పుడు పాత రూపాయి చూడండి. రూపాయిలో పావలా నాలుగోవంతు, అణా పదహారోవంతు, కానీ అరవైనాలుగోవంతు. కుంచం రూపాయి అయితే మానిక పావలా, సోల అణా, గిద్దె కానీ. అడ్డ అర్ధరూపాయి, తవ్వ బేడ. డబ్బాలో బియ్యమూ పెట్టెలో డబ్బూ ఒకే లెక్కన నడిచేవి. కుంచం రూపాయికి వస్తే సోల అణాకి వస్తుందని చదువురాని ముసలమ్మ కూడా కాగితం లేకుండా చెప్పేది. పాతిక, పరక, వీసం అని వంతులకి పేర్లున్నాయి మనకి. పాతిక నాలుగోవంతు, పరక ఎనిమిదోవంతు, వీసం పదహారోవంతు. "వీసమెత్తు సిగ్గు లేదు" అని తిట్టేటప్పుడు, ఒకట్లో పదహారోవంతు కూడా లేదంటున్నామన్నమాట.

పదితో కాకుండా రెళ్లతో, నాలుగులతో ఎందుకు విభజించారు? సగం చేయడానికి కొలబద్ద అక్కర్లేదు కనుక. గుడ్డని మధ్యకి మడిస్తే సగం, మళ్లీ మడిస్తే పావు. కుప్పని తక్కెడలో రెండువైపులా సమంగా తూచితే సగం. అదే ఒక గుడ్డని కంటిచూపుతో పది సమభాగాలు చేయమనండి, ఎంత చేయితిరిగిన దర్జీ అయినా తడబడతాడు. ఇంకో సుఖం కూడా ఉంది. గిద్దె, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, ఈ ఆరు పాత్రలూ ఒక్కొక్కటి ఉంటే చాలు, ఒక్కోదాన్ని ఒక్కసారికి మించకుండా వాడి ఒక గిద్దె నుంచి అరవైమూడు గిద్దెల దాకా ఎంతైనా కొలవచ్చు. నలభై అయిదు గిద్దెలు కావాలా? అడ్డ, తవ్వ, సోల, గిద్దె. ముప్పైరెండు, ఎనిమిది, నాలుగు, ఒకటి. రెళ్ల మీద నడిచే ఇలాంటి లెక్కనే జర్మనీ పండితుడు లైబ్నిట్జ్ 1703లో సున్న, ఒకటి అనే రెండు గుర్తులతో వివరించి ప్రచురించాడు. ఇవాళ కంప్యూటరు లోపల నడిచేదీ ఆ రెళ్ల లెక్కే.

ఇప్పుడు హళ్లి దగ్గరికి వద్దాం. ఈ వంతుల్ని కరణాలు కవిలెల్లోనూ, వర్తకులు చిట్టాల్లోనూ ఎలా రాసేవారంటే, నాలుగోవంతులకి నిలువుగీతలు. ఒకటి పాతిక, రెండు అర, మూడు ముప్పాతిక. పదహారోవంతులకి అడ్డగీతలు, ఒకటి, రెండు, మూడు. అరవైనాలుగోవంతుల దగ్గర మళ్లీ నిలువుగీతలు. ఆ తర్వాతి స్థానంలో మళ్లీ అడ్డగీతలు. పదకొండణాలు రాయాలంటే రెండు నిలువుగీతలు, పక్కన మూడు అడ్డగీతలు. రెండు పావలాలు, మూడణాలు. మరి మూడణాలే రాయాలంటే? పావలాల పీట ఖాళీ. అక్కడ ఒక సున్న కావాలి. నిలువుగీతల స్థానంలో పెట్టే ఆ సున్న పేరే హళ్లి! అడ్డగీతల స్థానం ఖాళీ అయితే మామూలు సున్న పెట్టేవారు. ఒక్క కానీ రాయాలంటే ముందు హళ్లి, తర్వాత సున్న, ఆ పక్కన ఒక నిలువుగీత. ఏమీ లేకపోతే హళ్లి స్థానంలో హళ్లి, సున్న స్థానంలో సున్న. మన సామెతలోని జంట ఇదేనని నాకు తోస్తుంది.

ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. చోటుతో విలువ మారడమనే ఊహని ఒకట్లకి ఎడమవైపు పదులతో నడిపారు, కుడివైపు నాలుగులతో నడిపారు. పైగా స్థానం మారినప్పుడల్లా గీతల తీరు మారుతుంది గనుక, ఒక స్థానాన్ని పక్క స్థానమని పొరబడే ప్రమాదం తక్కువ. ఫ్లోరెన్సు వర్తకులకి కలిగిన భయానికి మన చిట్టాల్లో ఇదొక విరుగుడు.

యూరపులో ఒకట్లకి కుడివైపున కూడా పదులతోనే నడిపే పద్ధతిని, అంటే దశాంశాలని, సామాన్య జనం వాడుకోవాలని 1585లో స్టెవిన్ అనే ఆయన చిన్న పుస్తకం రాసి బోధించాడు. 1795లో ఫ్రాన్సు మీటర్లని, గ్రాములని చట్టం చేసింది. మనకి 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కిలోలు మొదలయ్యాయి. రూపాయికి నూరు పైసలు గనుక అణాకి ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసా లేదు గనుక అణాకి ఆరు పైసలన్నారు, నాలుగణాలకి ఇరవై అయిదన్నారు. అణా చొప్పున నాలుగుసార్లు ఇస్తే ఇరవైనాలుగు పైసలు, ఒక్కసారే ఇస్తే ఇరవై అయిదు. కూరగాయల బుట్ట దగ్గర ఆ ఒక్క పైసా కోసం ఎన్ని తగాదాలు పడి ఉంటారో ఊహించుకోండి.

మార్పు మంచిదే. ఊరికో కుంచం ఉంటే మోసానికి చోటుంటుంది. దేశమంతా ఒకే కిలో ఉండడం కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ మేలు. కాని ఆ మార్పులో ఒకటి జరిగింది. నోటిలెక్కలో ఆడవాళ్లకున్న పట్టు ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది. ఇంట్లో కొలిచేది మనం. "లాభం, రెండు, మూడు" అని ఒకటికి బదులు లాభం అంటూ గింజలు కొలిచిన చేతులు మనవే. కాని చిట్టా రాసింది మనం కాదు. అందుకే కొలతలు మారగానే మన లెక్క గాలికి పోయింది, రాసినవాళ్ల లెక్క పుస్తకాల్లో మిగిలింది. ఆ పుస్తకాలైనా ఎన్ని మిగిలాయి? పాత చిట్టాలు చెదలపాలయ్యాయి, చిత్తుకాగితాల వాళ్లకి పోయాయి. ఆ నిలువుగీతలు, అడ్డగీతలు చదవగలవాళ్లు అరుదైపోయారు. 2008లో కంప్యూటరు అక్షరాల పట్టికలో హళ్లికీ, ఆ గీతలకీ చోటు దొరికింది. గుర్తులు బతికాయి. వాటిని వాడిన మనుషుల జ్ఞాపకాలు బతకాలంటే మనమే రాసుకోవాలి.

లెక్కమీద పట్టు పోవడం ఎంత నష్టమో మా పల్లెల్లో రోజూ కనిపిస్తుంది. పత్తి తీతకి వెళ్లిన అమ్మకి కిలోకి ఇంత అని కూలి. కాటా మీద ముల్లు ఎక్కడుందో చూడగలగాలి, తరుగు ఎంత తీశారో అడగగలగాలి. మిరప టిక్కీలు యార్డుకి వెళ్లినప్పుడూ అంతే. ఇక వడ్డీ సంగతి. "రెండు రూపాయల వడ్డీ" అంటే వినడానికి ఎంతో తక్కువ. నూటికి నెలకి రెండు రూపాయలు. ఏడాదికి ఇరవైనాలుగు! కట్టలేక వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తూ పోతే, నాలుగేళ్లు తిరక్కుండానే అప్పు రెట్టింపు దాటుతుంది. 2004లో పొదుపు సంఘాల మహిళలకి పావలా వడ్డీ అన్నప్పుడు, అది ఏడాదికి మూడు శాతమని చప్పున లెక్కగట్టగలిగినవాళ్లకే ఆ రెంటికీ ఉన్న తేడా ఎంతో తెలిసింది. మహావీరుడి పుస్తకంలో వడ్డీ లెక్కలు బోలెడు. మల్లన ఆ శాస్త్రాన్ని తెలుగు చేసి తొమ్మిది వందల ఏళ్లు దాటింది. అయినా "ఆడపిల్లకి లెక్కలెందుకు, తెలుగు చదువుకుంటే చాలదూ" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. తెలుగూ లెక్కలూ ఒకే పుస్తకంలో కూచున్న దేశం మనది.

పావలా నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. మాట మాత్రం చెల్లుతూనే ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే, ఈ వారంలోనే వాళ్లని కూచోబెట్టి అడగండి. మీ ఊళ్లో సోలకి ఎన్ని గిద్దెలు, కుంచం ఎంత ఉండేది, కొలిచేటప్పుడు ఏమనేవారు? వాళ్లు చెప్పింది మీ అమ్మాయి చేత నోటుపుస్తకంలో రాయించండి. ఆ తర్వాత పదకొండణాల్ని గీతల్లో ఎలా రాస్తారో చూపించి, అయిదణాలు తననే రాయమనండి. ఒక నిలువుగీత, ఒక అడ్డగీత గీసిందంటే, స్థానంతో విలువ మారడమంటే ఏమిటో దానికి తెలిసినట్టే.